గ్రానీ వెదర్‌వాక్స్ నవలలు చదివే పద్ధతి: బెజవాడ, గుంటూరు పాఠకులకు ఒక సమగ్ర మార్గదర్శి

ఇంగ్లండు రచయిత టెర్రీ ప్రాచెట్ (1948–2015) 1983లో మొదలుపెట్టి చివరి రోజుల దాకా రాసిన డిస్క్‌వరల్డ్ నవలలు మొత్తం 41. పళ్ళెంలా బల్లపరుపుగా ఉన్న ఒక లోకం, దాన్ని మోసే నాలుగు ఏనుగులు, ఆ ఏనుగులను వీపున మోస్తూ ఆకాశంలో ఈదుకుపోయే మహా తాబేలు ఈ హాస్య కాల్పనిక శ్రేణికి ఆధారం. ఆదికూర్మాన్నీ దిగ్గజాలనూ చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన మనకు ఈ ఏర్పాటును విడమరచి చెప్పవలసిన పని లేదు. విడమరచి చెప్పవలసింది ఆ లోకంలో లాంకర్ అనే చిన్న కొండ రాజ్యంలో ఒంటరిగా బతికే ఎస్మెరెల్డా వెదర్‌వాక్స్ అనే వృద్ధురాలి గురించి. ఊరంతా ఆమెను గ్రానీ అంటుంది. ఆమె వస్తోందంటే జనం మాట తగ్గించి పక్కకు తొలగుతారు, అర్ధరాత్రి ఆపద వస్తే ఆమె తలుపే తడతారు. ఈ రెండు పనులూ ఒకే మనుషులు ఎందుకు చేస్తారో అర్థమయ్యేలా ఈ నవలలను చదివే క్రమాన్ని ఇక్కడ మెట్టు మెట్టుగా రాస్తున్నాను. ఇంగ్లీషు మూలాన్ని చదువుతూ మనసులో తెలుగు చేసుకునే పాఠకులను దృష్టిలో పెట్టుకున్నాను.

మొదటి మెట్టు: మాటను సరిచేసుకోవడం

పుస్తకం తెరవడానికి ముందే ఒక మాట విషయం తేల్చుకోవాలి. ‘విచ్’ అనగానే మనకు తోచేది మంత్రగత్తె. ఆ మాట వెంట 1947 నుంచి చందమామ బొమ్మల్లో మనం చూసిన వంకర ముక్కు, విరబోసిన జుట్టు, పుర్రె, ముగ్గు అన్నీ వచ్చేస్తాయి. ఇంకా బాధాకరమైన సంగతి మరొకటి ఉంది. చేతబడి, చిల్లంగి, బాణామతి అనే అనుమానాల మీద ఒంటరి ముసలివాళ్ళను, ముఖ్యంగా దిక్కులేని ఆడవాళ్ళను కొట్టి హింసించిన ఘటనలు తెలుగు పల్లెల్లో జరిగాయి. అందుచేత ఈ మాటను మనం ఊరికే ఆటగా వాడుకోలేము. ఈ నవలలను పిల్లలకు చెప్పేటప్పుడు ఆ తేడా ముందే చెప్పడం పెద్దవాళ్ళ బాధ్యత అని నా గట్టి అభిప్రాయం.

నేను సూచించే మాట మంత్రసాని. ఇది నా చమత్కారం కాదు, మూలంలోనే దీనికి ఆధారం ఉంది. గ్రానీ మొట్టమొదట కనిపించే నవల 1987లో వచ్చిన ‘ఈక్వల్ రైట్స్’. ఎనిమిదో కొడుకుకు పుట్టబోయే ఎనిమిదో కొడుక్కి తన దండాన్ని అప్పగించి కన్నుమూయాలని ఒక వృద్ధ మాంత్రికుడు కమ్మరి ఇంటికి వస్తాడు. పురిటి గదిలో నుంచి బిడ్డను ఎత్తుకుని బయటికి వచ్చే మంత్రసానే గ్రానీ వెదర్‌వాక్స్. పుట్టింది ఆడపిల్ల అన్న సంగతి ఆ పెద్దమనిషి వినిపించుకునేలోపే దండం పసికందు చేతిని తాకుతుంది, కథ అక్కడి నుంచి నడుస్తుంది. అంటే రచయిత ఆమెను మనకు పరిచయం చేసినది టోపీతోనో చీపురుకట్టతోనో కాదు, చేతిలో పసిగుడ్డుతో. మన భాష కాన్పు చేసే ఆడమనిషి పేరులోనే ‘మంత్రం’ అనే మాటను ఎందుకు నిలుపుకుందో ఆలోచించినవారికి ఈ పాత్ర సగం అర్థమైనట్టే.

తెనాలి దగ్గర పల్లెలో మా మామ్మ తల్లి మంత్రసాని పని చేసేదని ఇంట్లో చెప్పుకునేవారు. ఆమె పెళ్ళి పందిట్లోకి వస్తే ఆడవాళ్ళు సర్దుకుని కూర్చునేవారట, ఎవరూ ఎదురు మాట్లాడేవారు కాదట. కానీ ఏ ఇంట్లో ఏ కోడలికి నెలలు నిండుతున్నాయో ఆమెకు తెలియకుండా ఉండేది కాదు. నేను గ్రానీని మొదటిసారి చదివినప్పుడు గుర్తుకొచ్చింది ఆమే. మీ ఇంట్లోనూ అలాంటి మనిషి గురించిన జ్ఞాపకం ఉంటే దాన్ని తవ్వి తీసి పక్కన పెట్టుకోండి, ఈ చదువుకు అంతకు మించిన ఉపకరణం లేదు.

రెండవ మెట్టు: క్రమం

గ్రానీ ప్రధానంగా ఉండే నవలలు ఆరు. ‘ఈక్వల్ రైట్స్’ (1987), ‘విర్డ్ సిస్టర్స్’ (1988), ‘విచెస్ అబ్రాడ్’ (1991), ‘లార్డ్స్ అండ్ లేడీస్’ (1992), ‘మాస్కరేడ్’ (1995), ‘కార్పే జుగులమ్’ (1998). ఆ తర్వాత టిఫానీ ఏకింగ్ అనే బాలిక కథలుగా వచ్చిన అయిదు నవలల్లో, 2003 నాటి ‘ది వీ ఫ్రీ మెన్’ మొదలుకొని 2015 నాటి ‘ది షెపర్డ్స్ క్రౌన్’ దాకా, ఆమె అవసరమైన చోట కనిపిస్తుంది.

అచ్చయిన వరుసలోనే చదవమని చాలామంది చెబుతారు. నేను కొంచెం మార్చి చెబుతాను. ‘ఈక్వల్ రైట్స్’లో పైన చెప్పిన పురిటి ఘట్టం వరకు మాత్రమే ముందు చదివి, ఆ పుస్తకాన్ని పక్కన పెట్టి, ‘విర్డ్ సిస్టర్స్’కు వెళ్ళండి. మొదటి నవలలో గ్రానీ ఇంకా పూర్తిగా రూపు కట్టలేదు. ఆమెను ఆమెగా నిలబెట్టడానికి పక్కన మరో ఇద్దరు కావలసి వచ్చింది, వాళ్ళు ‘విర్డ్ సిస్టర్స్’లో వచ్చారు. అది పూర్తయ్యాక వెనక్కి వచ్చి మొదటి నవలలో మిగిలిన భాగం చదివితే, రచయిత ఆ ఒక్క ఏడాదిలో ఎంత దూరం నడిచాడో కళ్ళకు కడుతుంది. అక్కడి నుంచి మిగతావి అచ్చయిన వరుసలోనే సాగవచ్చు.

పుస్తకాల సేకరణ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. బెజవాడలో ఏలూరు రోడ్డు దుకాణాల్లో అడగండి, లెనిన్ సెంటర్ పాత పుస్తకాల వరుసల్లో ఓపికగా వెతకండి, జనవరి మొదట్లో జరిగే పుస్తక మహోత్సవంలో ఇంగ్లీషు నవలల గుట్టలు తిరగేయండి. వరుస తప్పి దొరికినా కొనుక్కుని దాచుకోవచ్చు, అయితే ‘కార్పే జుగులమ్’, ‘ది షెపర్డ్స్ క్రౌన్’ మాత్రం తమ వంతు వచ్చే దాకా తెరవవద్దు.

మూడవ మెట్టు: వెనకనున్న కథను ముందే తెలుసుకోవడం

ప్రాచెట్ ప్రతి నవలకూ వెనక పాశ్చాత్యులకు బాగా తెలిసిన మరొక కథను నిలబెడతాడు. ఆ కథ తెలియకపోతే సంఘటనలు అర్థమవుతాయి కానీ హాస్యం సగం జారిపోతుంది. ‘విర్డ్ సిస్టర్స్’ వెనక షేక్‌స్పియర్ ‘మాక్బెత్’ ఉంది. రాజును చంపి గద్దెనెక్కిన వాడూ, వాడి భార్యా, ముగ్గురు మంత్రసానులూ అక్కడివాళ్ళే. కానీ ఇక్కడ కథను చూసేది ఆ ముగ్గురి వైపు నుంచి. పసి వారసుణ్ణి వాళ్ళు ఊరూరా తిరిగే నాటక సమాజానికి అప్పగిస్తారు. సురభి బళ్ళు వచ్చి ఊళ్ళో దిగడం గురించి పెద్దలు చెప్పగా విన్న వాళ్ళకు ఆ సన్నివేశాలు పరాయివిగా తోచవు. ‘విచెస్ అబ్రాడ్’కు సిండ్రెల్లా కథ, ‘లార్డ్స్ అండ్ లేడీస్’కు షేక్‌స్పియర్ వేసవి రాత్రి నాటకం, ‘మాస్కరేడ్’కు ఒపేరా భవనంలో తిరిగే భూతం కథ, ‘కార్పే జుగులమ్’కు రక్తపిశాచాల కథలు ఆధారం. ఒక్కొక్కదాని సారాంశం పది నిమిషాల్లో చదువుకుని నవలలోకి దిగితే సరిపోతుంది.

‘లార్డ్స్ అండ్ లేడీస్’ విషయంలో మాత్రం మనకే ఒక సౌకర్యం ఉంది. అందులో ‘ఎల్ఫ్’ అనే జాతి వస్తుంది. కళ్ళు చెదిరే అందం, గుండెలో కరుణ లేకపోవడం వాళ్ళ లక్షణం. ఇనుము సోకితే వాళ్ళ శక్తి నిలవదు. బాలింత మంచం దగ్గర కొడవలో చాకో ఉంచే ఆచారాన్ని ఇళ్ళల్లో చూసిన తెలుగు పాఠకుడు, లాంకర్ జనం కమ్మరి కొలిమిని ఎందుకు అంత గౌరవిస్తారో వివరణ లేకుండానే గ్రహిస్తాడు.

నాలుగవ మెట్టు: ఆమె ఏమి చేస్తుందో కాక, ఏమి చేయకుండా ఆగుతుందో గమనించడం

ఈ మెట్టు దగ్గర ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఈ పాత్ర బలమంతా ఇక్కడే ఉంది. గ్రానీకి ఉన్న శక్తి చిన్నది కాదు. ‘విర్డ్ సిస్టర్స్’లో ఆమె ఒక రాజ్యాన్నంతా పదిహేను సంవత్సరాలు ముందుకు జరిపివేస్తుంది. అంతటి మనిషి రోజువారీ పనుల్లో మంత్రాన్ని దాదాపు వాడదు. ఆమె వాడేది ‘హెడాలజీ’. సైకాలజీని పల్లెటూరి పెద్దావిడ తన తీరులో మలుచుకున్న మాట అది. దీనికి మనోవిజ్ఞానం అని రాస్తే పాఠ్యపుస్తకపు వాసన వస్తుంది. నేను బుర్రశాస్త్రం అని చదువుకుంటాను. ఒక మనిషి తనను భయంకరమైన మృగం వెంటాడుతోందని వణికిపోతున్నాడనుకోండి. మానసిక వైద్యుడు అలాంటి మృగం లేదని నచ్చజెప్పే ప్రయత్నం చేస్తాడు. గ్రానీ అయితే ఎక్కి నిలబడటానికి ఒక కుర్చీ, చేతికి బరువైన దుడ్డుకర్ర ఇస్తుంది. నమ్మకాన్ని పెరికివేయడం కంటే, ఆ నమ్మకం ఉన్న మనిషి చేతికి బలం ఇవ్వడం మేలని ఆమె పద్ధతి.

ప్రతి నవలలోనూ ఇలాంటి ఘట్టాల దగ్గర పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటూ వెళ్ళండి. పెట్టిన ప్రతి గుర్తు పక్కన, ఇక్కడ మంత్రం వేసి ఉంటే పని ఎంత తేలికగా అయ్యేదో ఒక వాక్యం రాసుకోండి. రెండు నవలలు పూర్తయ్యేసరికి మీకే తెలుస్తుంది. ఆమె మంత్రం వేయగలదు కాబట్టే వేయదు. ఒకసారి తేలిక దారికి అలవాటు పడితే మనుషులను తన ఇష్టం వచ్చినట్టు జరిపే పావులుగా చూడటం మొదలవుతుందని ఆమె భయం. ఆ భయాన్ని ఆమె ఎవరికీ చెప్పుకోదు. పొగరు, మొండితనం, ఎవరినీ లెక్కచేయని మొనదేలిన టోపీ దాని మీద కప్పిన కప్పు. గ్రానీ తాను మంచిదాన్నని ఎప్పుడూ అనుకోదు, మంచిగా ఉండక తప్పని చోట తనను ఎవరో నిలబెట్టారని విసుక్కుంటూ ఉంటుంది. ఆ విసుగు మాటలను హాస్యంగా చదివి దాటిపోకండి.

దీనికి అద్దం పట్టే నవల ‘విచెస్ అబ్రాడ్’. అందులో గ్రానీకి అక్క లిలీ ఎదురవుతుంది. లిలీ తానే మంచిదాన్నని నమ్ముతుంది. దూరాన ఒక నగరాన్ని చేజిక్కించుకుని, అక్కడి మనుషులు కథల్లోని పాత్రల్లా నడుచుకోవాలని శాసిస్తుంది. బొమ్మలు చేసేవాడు పాడుతూ ఉండాలి, సత్రం యజమాని నవ్వుతూ ఉండాలి, లేకపోతే శిక్ష. సుఖాంతం పేరుతో మనుషులను నలిపే ఆ పద్ధతి మీద గ్రానీకి వచ్చే కోపం ఈ శ్రేణిలో అత్యంత గంభీరమైనది. చివరన అక్కాచెల్లెళ్ళిద్దరూ లెక్కలేనన్ని ప్రతిబింబాల మధ్య నిలబడి, వాటిలో నిజమైనది ఏదో కనుక్కోవలసి వస్తుంది. ఒకే పరీక్షకు ఇద్దరూ ఇచ్చే జవాబులను పక్కపక్కన రాసుకుని చూడండి. జవాబు నేను చెప్పను.

అయిదవ మెట్టు: పైకి చదువుకునేటప్పుడు పేర్లు, పిలుపులు

మేము కొందరం ఆదివారం సాయంత్రాలు ఒక ఇంట్లో చేరి, మూలం నుంచి ఒక పేజీ చదివి, అదే పేజీని నోటితో తెలుగులో చెప్పుకునే అలవాటు చేసుకున్నాము. ఒక్కరుగా చదివేవాళ్ళు కూడా దీన్ని వారానికి ఒకసారైనా చేయాలని కోరుతున్నాను, ఎందుకంటే పిలుపు కుదిరితేనే పాత్ర కుదురుతుంది.

గ్రానీ పెళ్ళి చేసుకోలేదు, ఆమెకు పిల్లలు లేరు, ఆమె ఎవరికీ అమ్మమ్మా కాదు, నాయనమ్మా కాదు. కనుక ఆ రెండు మాటలూ తప్పు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో బంధుత్వం లేని పెద్దావిడను కూడా ‘మామ్మగారు’ అంటాము. లాంకర్ జనం నోట ఆ మాట అతికినట్టు సరిపోతుంది. ఆమె స్నేహితురాలు ‘నానీ ఓగ్’ పేరు దగ్గర మరో చిక్కు ఉంది. నాని అని రాస్తే ఇక్కడి చెవికి ముద్దు పేరున్న మగపిల్లవాడు వినిపిస్తాడు, అందువల్ల ‘న్యానీ’ అని పలకడం మంచిది. పెద్ద సంసారం, వంట, మద్యం, మొహమాటం లేని మాట, అందరినీ కలుపుకుపోయే గుణం ఉన్న న్యానీని మన కథల్లోని పేదరాశి పెద్దమ్మకు దగ్గరగా ఊహించుకోవచ్చు. గ్రానీ ఆ పెద్దమ్మలా పూటకూళ్ళు పెట్టదు. ఇద్దరూ చిన్ననాటి నుంచి ఎరిగినవాళ్ళు కనుక ఒకరినొకరు ‘నువ్వు’ అనుకుంటారు. ‘ఎస్మే’ అని పేరు పెట్టి పిలిచే చనువు ఊళ్ళో న్యానీ ఒక్కతెకే ఉన్నట్టు వినిపించాలి. ముగ్గురిలో చిన్నదైన మాగ్రట్ ఇద్దరినీ ‘మీరు’ అనాలి.

గ్రానీ మాటిమాటికీ అనే విసుగు మాటను ‘ఇవన్నీ నా దగ్గర సాగవు’ అని చెబితే మూలంలోని బిర్రు నిలుస్తుంది. ఆమె వాక్యాలు పొట్టివిగా ఉండాలి. యాస పెట్టాలనుకుంటే ‘అట్టా’, ‘ఎట్టా’, ‘ఏంది’ వరకు చాలు. మన ఊరి యాసను సినిమాల్లో నవ్వించడానికే వాడీ వాడీ పాడు చేశారు, ఆ తప్పు ఇక్కడ చేయకూడదు. ఆ యాసలో ఆమె నోరు విప్పితే ఎదుటివాడు నీరుగారిపోయేలా ఉండాలి.

మృత్యువు కూడా ఈ నవలల్లో ఒక పాత్ర. మూలంలో అతని మాటలన్నీ పెద్దబడి అక్షరాల్లో ఉంటాయి. తెలుగు లిపిలో పెద్దబడి, చిన్నబడి తేడా లేదు కాబట్టి మేము అతనికి గ్రాంథిక భాష ఇచ్చాము, చక్కగా కుదిరింది. యముడు అని మాత్రం అనువదించకండి. యముడు పాపపుణ్యాలు విచారించి తీర్పు చెబుతాడు, ఈ మృత్యువు ఎవరినీ విచారించడు, వేళకు వచ్చి తీసుకుపోతాడు, అంతే. ‘మాస్కరేడ్’లో గ్రానీ ఒక పసిబిడ్డ ప్రాణం పందెంగా అతనితో పేకాడే ఘట్టాన్ని ఈ పద్ధతిలో ఇద్దరు పైకి చదివి చూడండి.

ఇక చీటీ. గ్రానీ తన మనసును పక్షిలోకో జంతువులోకో పంపినప్పుడు ఒళ్ళు శవంలా పడి ఉంటుంది. చూసినవాళ్ళు పాడె కట్టకుండా, తాను చావలేదని తప్పుల తడకగా రాసిన చీటీ చేతిలో పట్టుకుంటుంది. ఇంగ్లీషులో తప్పు అంటే స్పెల్లింగులో తప్పు. మనకు పలికినట్టే రాసే లిపి ఉంది, కనుక చదువు తక్కువైన వాళ్ళు నిజంగా చేసే తప్పులు వత్తుల దగ్గరే వస్తాయి. ‘నేను ఛావలేధు’ అని రాస్తే సరి. ఒక నవలలో ఈ చీటీ మీది మాట మారుతుంది, ఆ చోటును జారవిడుచుకోకండి. పైగా మొదటి నవల పేరులో హక్కులు, కర్మకాండలు అనే రెండు అర్థాల మీద శ్లేష ఉంది. తెలుగు లిపిలో రెంటినీ ‘రైట్స్’ అనే రాస్తాము కాబట్టి శ్లేష చెవికి అలాగే నిలిచింది.

ఒక చిన్న ఆచరణ సూచన: ఆ ఆరు నవలల్లో అధ్యాయాల విభజన లేదు. పైకి చదివేవాళ్ళు రెండు సన్నివేశాల మధ్య వదిలిన ఖాళీని చూసుకుని ఆగాలి. పేజీ అడుగున ఉన్న అధస్సూచికలను అక్కడికక్కడే చదవాలి.

ఆరవ మెట్టు: ‘కార్పే జుగులమ్’ను నెమ్మదిగా చదవడం

మిగతావి వారానికొకటి చదివినా, దీనికి మాత్రం నెల రోజులు కేటాయించండి. నవల మొదట్లోనే ఊళ్ళో కాన్పులు చేసే ఒక మామూలు మంత్రసాని గ్రానీకి కబురు పెడుతుంది. నిండు గర్భిణిని ఆవు తన్నింది, తల్లీ బిడ్డల్లో ఒక్కరినే దక్కించుకునే స్థితి. గ్రానీ తానే నిర్ణయిస్తుంది. భర్తను అడగవలసింది కదా అని ఆ మంత్రసాని అంటుంది. ఆ మనిషి ఏం పాపం చేశాడని అతన్ని అంతగా హింసించాలి అనే అర్థంలో గ్రానీ జవాబు ఉంటుంది. ఎంపిక చేయమనడమే ఆ భర్తకు జీవితాంతం మోయలేని బరువని ఆమెకు తెలుసు, కనుక ఆ బరువును తాను ఎత్తుకుని ఇంటికి నడిచిపోతుంది. ఈ రెండు మూడు పేజీలు చదివాక పుస్తకం మూసి ఆ రోజుకు ఆపండి. ఆమె చేసింది సరైన పనేనా అని మా ఆదివారం కూటమిలో మేము గంటన్నర వాదించుకున్నాము. ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్న ఒకావిడ అంతసేపూ మౌనంగా ఉండి, చివరికి భర్తను అడగాల్సిందేనని, అయినా అడగలేని రాత్రులు ఉంటాయని అన్నారు.

అదే నవలలో ఒక యువ మతబోధకుడితో గ్రానీ రాత్రి అడవిదారిలో నడుస్తూ పాపం గురించి మాట్లాడుతుంది. మనుషులను వస్తువులుగా చూడటమే పాపం, తనను తాను అలా చూసుకోవడం కూడా పాపమేనని ఆమె భావం. నాలుగవ మెట్టులో మీరు రాసుకున్న వాక్యాలను ఆ పేజీ పక్కన పెట్టుకుని ఒకసారి తిరిగి చదవండి. లిలీ నగరం, వేయకుండా ఆపిన మంత్రాలు, భయపడేవాడికి ఇచ్చిన దుడ్డుకర్ర అన్నీ ఈ ఒక్క మాట దగ్గరికే చేరుతాయి.

ఏడవ మెట్టు: చివరి పుస్తకం

టిఫానీ నవలలను పిల్లల పుస్తకాలని తీసివేయకండి. వాటిలో గ్రానీ మరో తరాన్ని తయారుచేస్తూ కనిపిస్తుంది. పొగడ్త ఆమె నోట రాదు, వచ్చినప్పుడు దాని విలువ ఆ పిల్లకు తెలుస్తుంది. వీటిలో అధ్యాయాలు కూడా ఉన్నాయి కనుక పన్నెండేళ్ళు దాటిన పిల్లలతో కలిసి చదవడం సులువు.

ప్రాచెట్ 2015 మార్చి 12న కన్నుమూశాడు. ‘ది షెపర్డ్స్ క్రౌన్’ ఆ సంవత్సరం ఆగస్టులో వచ్చింది. అందులో మొదట్లోనే గ్రానీ చనిపోతుంది. ఈ లోకంలో మంత్రసానులకు తమ ఘడియ ముందే తెలుస్తుంది, కనుక ఆమె ఇల్లు కడిగి, సామాను సర్ది, ఎవరికీ శ్రమ మిగలకుండా అన్నీ సిద్ధం చేసుకుని మంచం మీద పడుకుంటుంది. ఎంతోమంది పురుళ్ళకు వేడినీళ్ళు, పాత బట్టలు సిద్ధం చేసిన చేతులు తన చావుకూ అదే శ్రద్ధతో సిద్ధం చేస్తాయి. ఈ భాగాన్ని ఒక్కరే ఉన్నప్పుడు చదవండి. పూర్తయ్యాక ‘ఈక్వల్ రైట్స్’ మళ్ళీ తీసి, ఆమె బిడ్డను ఎత్తుకుని పురిటి గది తలుపు తీసుకుని బయటికి వచ్చే పేజీని ఈసారి పైకి చదవండి.